నడుమెత్తు పెరిగిన నా నేరం

ఆ రోజుల్లో నాకు ఆదివారం అంటే భయం. మిగతా ఆరు రోజులూ ఫర్వాలేదు. మేడ్చల్ రోడ్డు మీద మా ప్లాస్టిక్ పైపుల కంపెనీలో మిషన్ల మోత ఉండేది, ఎవరో ఒకరు "ఏయ్ డిప్లమా, గా పానా ఇటియ్" అని కేకేసేవారు (డిప్లమా చదివి గుంటూరు నుంచి దిగానని షెడ్డంతా నన్ను అలాగే పిలిచేది. నా అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ తెలియదు). ఆదివారం మాత్రం శామీర్‌పేట చెరువుకు అవతల నా అద్దె గదిలో బట్టలు ఉతికి ఆరేసేసరికి తొమ్మిదయ్యేది. అక్కడి నుంచి రాత్రి దాకా మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు. ఒకసారైతే పని లేకపోయినా గండిమైసమ్మ దాకా బస్సెక్కి, కండక్టరును దారి అడిగి తిరిగొచ్చాను. ఎవరితోనో నాలుగు మాటలు మాట్లాడినట్టుంటుందని, అంతే!

షెడ్డులో నలుగురు మనుషులది ఒక జట్టు. ఆ జట్టుకు పెద్ద, దూలపల్లి నుంచి వచ్చే మిషను ఆపరేటరు, అందరికీ "దూలపల్లి అన్న". ఆదివారాలు ఎవరో ఒకరి గదిలో చేరి, కోడికూర వండుకుని, పేకాడి, సోమవారం ఆ ముచ్చట్లు చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వేవారు. పక్కన నా డబ్బాలో పెరుగన్నం కలుపుకుంటూ నేనూ నవ్వేవాణ్ణి (దేనికో నాకు తెలియదు). ఒక రోజు సిగ్గు చంపుకుని "అన్నా, ఈసారి మా గదికి రండి" అన్నాను. అన్న నన్ను ఎగాదిగా చూసి, "నీ రూములేముందే? సరే, ఓ పని జెయ్. నీది ఊరవతల గద, గంజాయి పెట్టు. ఇత్తులు నేనిస్త. నడుమెత్తు పెరిగినంక జెప్పు, అందరం నీ రూముకే వస్తం" అన్నాడు. మర్నాడే కాగితం పొట్లం ఒకటి జేబులో కుక్కాడు. నేను అప్పటికి బీడీ కూడా కాల్చి ఎరగను. గంజాయి అంటే జైలని మాత్రం తెలుసు. కానీ నా చెవిలో పడింది ఒక్కటే, అందరూ నా గదికే వస్తారట.

మృగశిర కార్తె మొదటి వాన పడ్డ మర్నాడు, గది వెనక బావి పక్కన జానెడు నేల గరిటెతో తవ్వడం మొదలుపెట్టాను (పార అడిగితే ఎందుకని అడుగుతారేమోనని). పక్క వాటాలో ఉండే ఇంటావిడ, ఊరంతా అవ్వ అనే ముసలమ్మ, చేటతో బియ్యం చెరుగుతూ బయటికొచ్చింది. "ఏం పెడుతున్నవ్ బిడ్డా?"

"పూల మొక్కలు అవ్వా," అన్నాను.

ఆవిడ వంగి నా అరచేతిలో విత్తనాలు చూసింది, తర్వాత నా మొహం చూసింది. "గంత లోతుకు వెడితె ఎట్ల మొలుస్తయ్? పైపైన సల్లాలె" అని నా చేతిలోవి లాక్కుని తనే చల్లి, మట్టి కప్పి, నీళ్లు చిలకరించి వెళ్లిపోయింది. పాపం, డెబ్బై ఏళ్ల ముసలిదాన్ని నేరంలో భాగస్తురాల్ని చేశానే అని ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అవి మొలిచాయండీ! వేళ్లు విడదీసినట్టు ఆకులు, సన్నటి ఎర్రకాడలు. రోజూ డ్యూటీ నుంచి రాగానే వాటి దగ్గరే కూర్చునేవాణ్ణి. షెడ్డులో ఎవరేమన్నారో, మా అమ్మ ఉత్తరంలో ఏం రాసిందో అన్నీ వాటికే చెప్పేవాణ్ణి. ఒకసారి ఆకు నలిపి వాసన చూసి, కళ్లు తిరుగుతున్నాయని నిర్ధారించుకుని, ఆ రోజు సెలవు పెట్టి పడుకున్నాను. అన్నిటికన్నా పెద్ద గండం కానిస్టేబులు. మోటారు సైకిలు మీద పోతూ, వాన ఎక్కువై మా చూరు కింద ఆగాడు. నేను తడి లుంగీ చాపి మడికి అడ్డం నిలబడ్డాను. ఆయన లుంగీ పక్కనుంచి తొంగిచూసి, "ఆకు మంచిగొచ్చింది తమ్మీ. నాకో కట్ట తీసిపెట్టు. మా ఇంట్లామెకు మస్తు ఇష్టం, మా అత్తకైతే రోజూ గావాలె" అన్నాడు. పోలీసు వాళ్ల ఆడవాళ్లు కూడానా అని లుంగీ ఇంకాస్త వెడల్పుగా చాపాను. ఈ హైదరాబాదు మనకు అర్థమయ్యే ఊరు కాదు అనుకున్నాను.

శ్రావణమాసంలో ఒక శనివారం, "అన్నా, నడుమెత్తు అయింది. రేపు రండి" అన్నాను. "వస్తం వస్తం" అని నలుగురూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆదివారం తెల్లారగానే గది కడిగాను. అవ్వ దగ్గర చాప, గ్లాసులు అరువు తెచ్చాను. మిక్స్చరు, అరటిపళ్లు పెట్టాను. పదింటికి రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాను. పన్నెండైంది, రెండైంది. మేడ్చల్ వైపు నుంచి ఆటో వచ్చినప్పుడల్లా చొక్కా సర్దుకున్నాను. మూడింటికి కాళ్లు పీకుతుంటే వెనక్కి వచ్చి చూస్తే, మడిలో ఒక్క చిగురు లేదు. మొత్తం గిల్లేసి ఉంది. అవ్వ గుమ్మంలో కూర్చుని పళ్లెం పెట్టుకుని తింటోంది.

"అవ్వా! ఉమ్మెయ్యి! అది తినకూడదు, ప్రాణం పోతుంది!" అని పళ్లెం లాగేశాను.

"ఏమైందిరా నీకు? పుంటికూర తింటె పానం పోతదా?"

నేను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. పుల్లగా, మా అమ్మ చేతి పప్పు మాదిరే ఉంది. గోంగూర! గుంటూరులో పుట్టి గోంగూరను గుర్తుపట్టని మనిషి భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను (కట్టలుగా కట్టి అమ్మేదే చూశాను తప్ప మొక్కను ఎప్పుడు చూశాను గనక!). "మరి పూల మొక్కలని చెప్తే ఊరుకున్నావేం అవ్వా?" అంటే, "పుంటికూర గూడ పూస్తది గద బిడ్డా" అంది. నేను లాగేసిన పళ్లెం తీసుకుని, నాకూ ఒకటి పెట్టి, "కూసో. ఒక్కదానికి పప్పు వండబుద్ధి గాదు. నువ్వున్నవని ఎక్కువ వెట్టిన" అంది. ఆ గోడకు ఇవతల ఏడాదిగా ఉంటున్నాను. ఆవిడ ఏం తింటోందో ఒక్కసారి కూడా అడగలేదు. నాకొక్కడికే ఆదివారాలు వస్తాయనుకున్నాను.

సోమవారం షెడ్డులో నవ్వులకు సిద్ధపడే వెళ్లాను. నన్ను చూసి నవ్వుతారు, పోనీ, నవ్వించినవాణ్ణి వచ్చే ఆదివారం పిలుస్తారేమోనని కూడా ఒక ఆశ. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం దాకా చూసి నేనే అడిగాను. "నిన్న రాలేదేం అన్నా?"

దూలపల్లి అన్నకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది. "అరె, గదా! మజాక్ జేసిన గదనే! పుంటికూరకు ఎవడొస్తడే అంత దూరం?" అన్నాడు. నలుగురూ ఘొల్లుమన్నారు. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

ఇన్నేళ్ల తర్వాత ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు ఇంకా నవ్వొస్తుంది, తర్వాత కాసేపు పని తోచదు. అన్న అడిగిన మాటకు జవాబు ఆ రోజు నా నాలుక చివరే ఉంది. చెప్పలేకపోయాను. నేనొస్తాను అన్నా. మీలో ఎవరు పిలిచినా, పుంటికూరకే, ఎంత దూరమైనా నేనొచ్చేవాణ్ణి.