వేలు నొప్పి అని చెప్పాను

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చోవడం వచ్చిన ప్రతి కుర్రాడూ ఏదో ఒక విమానం ఎక్కేసేవాడు. నేను సింగపూర్ విమానం ఎక్కి హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో పడ్డాను. ఇరవై నాలుగేళ్లు, మంచి ఉద్యోగం, కుదిరిన పెళ్లి. చెప్పుకోలేని ఇబ్బంది ఒక్కటే: అంగం ముందు చర్మం బిగుతు, వెనక్కి రాదు. (బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు దిద్దేవాణ్ణి, సొంత సరుకు గురించి ఎవరినడగాలో తెలియదు.) పెళ్లి దగ్గర పడుతోందన్న కంగారులో ఒక ఆదివారం కొబ్బరినూనె రాసి బలప్రయోగం చేశాను. చర్మం చిట్లింది. సోమవారం ఆఫీసుకు కాళ్లు ఎడంగా పెట్టి నడిచాను.

ఆ నడక చూసి, ఫ్లాట్‌లో నాతో ఉండే హైదరాబాదీ భాయ్ తలుపు వేసి మరీ అడిగాడు. చెప్పక తప్పలేదు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మీకు చిన్నప్పుడే సున్తీ చేయిస్తారు కదా, బాగా నొప్పి పుట్టిందా?" అన్నాను. "నాకేం యాదుందిరా? ఆ రోజు కొత్త సైకిల్ కొనిచ్చిన్రు, అదే యాదుంది. కోసుడు సంగతి నీకెందుకు, ముందుగాల డాక్టర్‌కు చూపియ్. ఆ నూనె మాత్రం వంటింట్ల పెట్టు" అన్నాడు.

మా బ్లాకు కిందే క్లినిక్కు. కౌంటర్లో ఆంటీ హాలంతా వినబడేలా "ఏం ప్రాబ్లం?" అంది. నా వెనకే మన తెలుగు ఆంటీ ఒకావిడ దగ్గుతూ నిలబడి ఉంది. "వేలు నొప్పి" అన్నాను. లోపల పెద్ద వయసు చైనీస్ డాక్టరమ్మ నా వేళ్లన్నీ నొక్కి చూసి, "అన్నీ బాగున్నాయి లా" అంది, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం చివర ఒక 'లా' తగిలించి. "అసలు... వేలు కాదు డాక్టర్" అన్నాను. ఆవిడ నేను కూర్చున్న తీరు చూసింది. "ఇవాళ నువ్వు రెండో వేలునొప్పివి. ప్యాంటు దింపు" అంది.

ఇది చాలామందికి ఉండేదేనట. చిట్లింది మానాక, ఆవిడ ఇచ్చిన పూతమందు రాసి, గోరువెచ్చని నీళ్ల స్నానంలో నొప్పి తెలియనంత వరకే మెల్లగా వెనక్కి జరపాలట. వచ్చిన చర్మాన్ని మళ్లీ ముందుకు తెచ్చెయ్యాలట. వెనకే ఇరుక్కుపోయి వాస్తే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలట. "దీనికి లొంగకపోతే అప్పుడు ఆపరేషన్ మాట. పెళ్లాం సంగతి తర్వాత, ముందు దీనితో మర్యాదగా మెలుగు" అంది.

మర్యాదగానే మెలిగాను. కొన్ని వారాలకు అదీ మర్యాద నేర్చుకుంది. పెళ్లయ్యాక మా ఆవిడకు ఈ కథ భయపడుతూ చెబితే, "దీనికింత దాపరికమా? మా అన్నయ్యకు దీనికే ఆపరేషన్ చేయిస్తే మా వీధంతా బత్తాయిలు పట్టుకుని పరామర్శకొచ్చారు" అంది.

ఆ పిరికి కుర్రాడు ఇప్పుడు ఎదురైతే నాకు తిట్టబుద్ధి కాదు. కింది కొట్లో ఒక కాఫీ ఇప్పిస్తాను. వాడు నిలబడే తాగుతాడు, పాపం.