పచ్చ చొక్కా వద్దన్న సారు

మా సారు పోయారని మొన్న ఆయన కూతురు ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. నిద్రలోనే పోయారట. వాళ్లది ఐర్లండ్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. ఆ అమ్మాయిని నేను చూసింది లేదు. వాళ్ల నాన్న ఫోన్‌లో నా నంబరు "అబ్బీ" అనే పేరుతో ఉందట, ఎవరో ఏమో అనుకుంటూనే రాసింది.

దాంతోపాటు అక్కడి పేపర్లో వచ్చిన వార్త కూడా పంపింది. మా చిన్నమ్మాయి చదివి చెప్పింది. దేశం తరఫున నాలుగే నాలుగు ఆటలాడి, ఇరవై నాలుగేళ్లకే ఇక నన్ను పిలవొద్దని ఉత్తరం రాసిచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడట. దేవుడిచ్చిన ఆటను చేతులారా పారేసుకున్నాడని తేల్చేశారు. రాసిన పెద్దమనిషి ఆయనతో ఒక్క పూటైనా గడిపాడో లేదో నాకు తెలియదు. చదువుతుంటే ఒళ్లు మండింది. చివర్లో ఆ అమ్మాయి అడిగింది: "ఎందుకు మానేశారో నాన్న మాకెప్పుడూ చెప్పలేదు. మీకేమైనా చెప్పారా?" ఆమెకు జవాబు రాసేంత ఇంగ్లీషు నాకు రాదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

కువైట్‌లో మా కంపెనీ క్యాంపు మంగఫ్‌లో ఉండేది. నేను ఏసీలు బాగుచేసేవాణ్ణి, సారు మా సెక్షన్‌కు పెద్ద. కేకలేయడం ఆయనకు తెలియదు. మిషన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "తొందరపడకు, అదే చెబుతుంది" అనేవారు. మధ్యాహ్నం పనిముట్ల పెట్టె మీద కూర్చుని మా చిత్రాన్నం తినేవారు. కారానికి ముక్కు కారుతున్నా గిన్నె ఖాళీ చేసేవారు. మా ఊరివాళ్లు నన్ను పిలిచే పిలుపు విని తనూ అబ్బీ అనేవారు.

శుక్రవారాలు క్యాంపు వెనక ఇసుకలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. సారు విజిల్ పట్టుకుని వచ్చేవారు గానీ బంతిని తాకేవారు కాదు. ఒకసారి మాకు ఒక మనిషి తక్కువై, కాళ్లావేళ్లా పడ్డాం. డ్యూటీ బూట్లతోనే దిగారు. పది నిమిషాలు ఆడారేమో. పెంచిన కుక్కపిల్లలా బంతి ఆయన వెంటే తిరిగింది. అవతలి జట్టువాళ్లు కూడా ఆట ఆపేసి చూస్తూ నిలబడిపోయారు. తర్వాత కనబడకపోతే వెతికాను. బస్సు వెనక వాంతి చేసుకుంటున్నారు.

నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. మాకిద్దరికీ కుదిరిన అరకొర ఇంగ్లీషులో, హిందీలో ఆ రోజే చెప్పారు.

"మా దేశం చొక్కా పచ్చగా ఉంటుంది. అది వేసుకుంటే నాకు ఊపిరాడేది కాదు. అంతమంది చూస్తుంటే, బంతి నా దగ్గరికి రాకూడదని మొక్కుకునేవాణ్ణి. బంతి వద్దనుకునేవాడికి ఆ చొక్కా ఎందుకు, అబ్బీ?"

ఆయన వీపు రాస్తూ నిలబడ్డాను.

ఆ వేసవిలోనే ఇరాక్ సైన్యం వచ్చి పడింది. ఒక గురువారం తెల్లారేసరికి రోడ్ల మీద ట్యాంకులు. మాకు వీసాలిచ్చిన కఫీల్ సౌదీకి పారిపోయాడు, మా పాస్‌పోర్టులు అతని ఆఫీసు బీరువాలోనే ఉండిపోయాయి. కొన్నాళ్లకు తెల్లవాళ్లను ఇళ్లలోంచి పట్టుకెళ్లడం మొదలైంది. బాంబులు పడతాయనుకున్న చోట్ల వాళ్లను అడ్డుగా పెడుతున్నారని చెప్పుకున్నారు. వాళ్లను దాచినవాళ్లకు ఉరి అని కూడా అన్నారు. సారు భార్యాపిల్లలు సెలవులకని ముందే ఇంటికి వెళ్లడం అదృష్టం. ఆయన ఒక్కరే విల్లాలో చిక్కుకుపోయారు. కంపెనీ వ్యాన్‌లో పాత ఏసీల మధ్య పడుకోబెట్టి, క్యాంపు వదిలాక మహబూలాలో నేనుంటున్న గదికి తెచ్చేశాను.

ఆ గదిలో నాతో పాటు రాజంపేట మామ, ఇంకో ఇద్దరు కడపవాళ్లు ఉండేవాళ్లు. మామ తాపీమేస్త్రీ, మాకందరికీ పెద్దదిక్కు.

"ఏందిరా అబ్బీ, ఈయప్పను ఈడికి తెచ్చినావు? నలుగురం ఉండాము. తెలిస్తే నలుగురికీ ఉరే" అన్నాడు.

"యాడికి పొమ్మందును మామా? నా ఇఖామా కాయితం ఆగిపోయినప్పుడు ఆఫీసు సుట్టూ తిరిగినాయన."

మామ సారును ఎగాదిగా చూసి, "అన్నం తింటాడా, రొట్టెలు కావల్లనా?" అని అడిగాడు.

అక్కణ్ణుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాం. జీపు చప్పుడైతే చాలు, సారు బాత్‌రూమ్‌లోకి, మేం పేకముక్కల ముందుకి. మెట్ల మీద అడుగులు వినపడితే అవి ఏ అంతస్తులో ఆగుతాయా అని ఊపిరి బిగబట్టేవాళ్లం. ఖుబ్బూస్ రొట్టెల కోసం వరసలో నిలబడి ఒక మనిషికి ఎక్కువ అడగాలంటే భయం, ఎందుకని అడుగుతారేమోనని. మా నాన్న పోయినప్పుడు కూడా నేనంత దేవుణ్ణి తలచుకోలేదు.

జుట్టు నల్లగా చేస్తే కొంత నయమని మామ ఆలోచన. బకాలా కొట్లో రంగు లేదు, గోరింటాకు పొడి మాత్రం మిగిలింది. మా ఊళ్లో అందరూ తలకు పెట్టుకునేదే కదా, మా జుట్లు నల్లగానే ఉన్నాయి కదా అనుకున్నాం. అవి ముందు నుంచే నలుపని మాలో ఒక్కడికీ తట్టలేదు. సారు నెరిసిన తలకు మందంగా పట్టించి, ఎండాక కడిగితే, దానిమ్మ పువ్వులా ఎర్రగా తేలింది.

"సచ్చినాం. ఇంగ మైలు దూరం నుంచీ కనపడతాడు" అని మామ తల పట్టుకున్నాడు.

అప్పుడు మా గదిలో ఒకడు, పనుల దగ్గర గడ్డానికి గోరింటాకు పెట్టుకునే ముసలి పఠాన్లను గుర్తు చేశాడు. వాళ్లలో నీలికళ్లవాళ్లూ ఉన్నారు. పెరిగిన గడ్డానికి కూడా పట్టించి, కిందింటి పాకిస్తానీ దగ్గర సల్వార్ కమీజు అడిగి తెచ్చాం. అద్దంలో చూసుకుని సారు నవ్వారు. ఆ గదికొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

చివరికి అందరం బయటపడ్డాం. మా వంతు బస్సులు వచ్చినప్పుడు ఆయన్ను, ఇంకా దాక్కునే ఉన్న ఆయన దేశస్థుల దగ్గర వదిలి వచ్చాం, ఏడాది చివర్లో వాళ్లనీ పంపించేశారు. కూతురు అడిగినదానికి సగం జవాబు ఆ బస్సు వెనక ఆయన చెప్పిందే; మిగతా సగం, మేం ఆ గదిలో ఉండగా జరిగిన సంగతి.

ఒక ఉదయం సైనికులు మా బిల్డింగ్ వాళ్లందరినీ కిందికి పిలిచారు. ఎదురుగా ఇసుకలో వరసగా నిలబెట్టి, దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితాలు చూస్తున్నారు. సారు దగ్గర చూపించడానికేమీ లేదు. "పఠాన్. మిస్కీన్. చెవుడు" అన్నాడు మామ, పాపం బీదవాడన్నట్టు చెయ్యి ఆడించి చెవి చూపిస్తూ. ఆఫీసరు ముందుకు నడవబోయినవాడు ఆగి, సారు కళ్లలోకి చూశాడు.

కొంచెం అవతల ఇద్దరు కుర్ర సైనికులు ఎవరింట్లోనో ఎత్తుకొచ్చిన బంతిని తన్నుకుంటున్నారు. అది గాల్లోకి లేచి మావైపే వచ్చింది. ఒకసారి ఇసుకలో పడి, సరిగ్గా సారు ముందు మోకాలెత్తున లేచింది. ఆయన కుడి మడమ ఇసుకలోంచి లేవడం నేను చూశాను. ఆ కాలితో ఒక్కసారి బంతిని అందుకున్నారంటే, కూలి పఠాన్ ఎవడూ అలా అందుకోలేడని ఆఫీసరుకి తెలిసిపోతుంది. మా అయిదుగురి పనీ అయిపోయినట్టే.

మడమ మళ్లీ కిందికి దిగింది. బంతి ఆయన మోకాలి కింది ఎముకకు కొట్టుకుని పక్కకు పడింది. ఆయన తూలి, వంగి, కోడిని పట్టుకున్నట్టు రెండు చేతులతో దాన్ని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, విసిరారు. అది సగం దూరం కూడా పోలేదు. కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వి, "ఖలాస్, యల్లా" అని మమ్మల్ని లోపలికి తోలాడు.

గదిలోకి రాగానే మామ గడియ వేసి, స్టవ్ ముందు చతికిలబడ్డాడు. సారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆయన కుడికాలు తొడ నుంచి వేళ్ల దాకా వణుకుతోంది.

"భయమేసిందా సార్?" అన్నాను.

తల అడ్డంగా ఊపారు. "ఇన్నేళ్లలో మొదటిసారి, అబ్బీ, బంతి నాకు కావాలనిపించింది."

నేను ముందుకు జరిగి ఆ పాదాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. మామ టీ కాచి తెచ్చేదాకా అది నా చేతుల్లో కొట్టుకుంటూనే ఉంది.