షట్టర్ మీది గరాటా

పర్మిషన్ అచ్చింది! మా బిడ్డ కష్టం దక్కింది! కోరుట్ల పాత బజార్ల ఆదివారం ఆటపాట మల్ల షురువైతది. పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ రాంగనే ఉరికిన. చెప్పు ఊడిపోతె తిరిగి సూడలె. ముందుగాల చాచాకే చెప్పాలె గద. పోయేసరికి ఆయన మైకుసెట్ దుకాణం ముంగట జనం. పొద్దుగాల నమాజుకు లేచి, కాళ్లు చేతులు కడుక్కొని, గోడకు ఒరిగిండట. మల్ల లేవలె.

సంతోషం, ఏడుపు ఒక్కపారే మీదవడ్డయి. నేను గాజుల దుకాణపోన్ని, పెద్దగ సదువుకోలె. ఎట్ల అస్తె గట్లనే రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

పెండ్లికైనా, సభకైనా మా దగ్గర ఆయన మైకు హారన్లే. మైకు కట్టినంక చాచా ముంగట కూసునేటోడు కాదు. ఆఖరు వరుస ఎనుక పోయి, చెయ్యి చెవుకు అడ్డంపెట్టి నిలవడేది. "ముంగటోళ్లకు కండ్లున్నయి, సూస్తరు. ఎనుకోళ్లకు చెవులే దిక్కు" అనేది.

బస్సులు కొత్త రోడ్డు పట్టినకాన్నుంచి మా బజారుకు గిరాకి తగ్గింది. తెలంగాణ కొట్లాట మొదలైనంక రోజు ఇడిసి రోజు బందే. బందు మా కోసమే, కాదన. గని దుకాణం మూసుకొని ఎన్నాళ్లు కూసుంటం? ఓ బందు నాడు చాచా మా అరుగు మీద కూసొని ఎదురుంగ సూసిండు. "బేటీ, గిన్ని షట్టర్లు ఖాళీగున్నయి. బొమ్మలు గియ్యరాదు?" అన్నడు మా బిడ్డతోని. మా బిడ్డ బడిల డ్రాయింగ్ టీచర్. అంతే! కాలేజి పోరలు రంగులు తెచ్చిండ్రు, టైలర్లు నిచ్చెనలు పట్టిండ్రు, చాచీ చాయ్ పంపింది. పైస ఎవరూ అడగలె. బతుకమ్మ, సిరిసిల్ల మగ్గం, జగిత్యాల ఖిల్లా, బజారంత పెండ్లిపందిరి తీర్గ అయింది.

తెల్లారి బందు లేదు. అందరం షట్టర్లు లేపినం. బొమ్మలు గూడ చుట్టుకొని పైకి పోయినయి! ఒక్కనికన్న సోయి ఉండాలె గద. చాచా నవ్వి నవ్వి దగ్గిండు. "ఏం గాజుల సేటు, బొమ్మలు సూడాలంటె మల్ల బందు పెట్టాల్నా?"

తొవ్వ గూడ ఆయనే చెప్పిండు. ఆదివారం జల్ది దుకాణాలు మూసుడు, పొద్దూకంగ బొమ్మల ముంగట ఆటపాట. డప్పు, కోలాటం, ఒగ్గుకథ, కవ్వాలి. రుద్రంగి నుంచి గూడ ఆటోలల్ల అచ్చిండ్రు. ఆడోళ్లు మూసిన షట్టర్ కొట్టి గాజులడిగితె నా పానం ఎంత ఖుషైందో!

ఓ ఆదివారం పోలీసు జీపు అచ్చింది. డప్పు ఆగింది.

"బొమ్మల పేరు మీద జనాన్ని జమ చేస్తుండ్రా? గీసినోడెవడు?" అన్నడు పెద్దసారు.

పొద్దుగాల బొమ్మలు దిద్దిన మా బిడ్డ చేతికి ఇంక రంగున్నది. కేసైతె నౌకరి పోతది. నేను దాని రెక్క గట్టిగ పట్టుకున్న. చాచా ముంగటికి నడిచిండు.

"నేనే సార్."

"నువ్వా? గీయి మరి."

బజార్ల బొమ్మ లేంది చాచా షట్టర్ ఒక్కటే. నాది ఆఖరుకు అనేటోడు. దాని మీద బ్రష్‌తోని ఒక గుండ్రం, రెండు గీతలు గీసిండు.

"ఇదేంది, గరాటానా?"

"హారన్ సార్. నా దుకాణం గిదే గద."

ఒక్కరు నవ్వలె. "బాపూ, చెయ్యి ఇడువు" అని మా బిడ్డ గుంజుకొని పోయింది. "నేనే గీసిన సార్. చాచాకు రాదు."

సారు ఇద్దరి దిక్కు సూసిండు. "పర్మిషన్ లేంది ఒక్క దరువు ఇనవడ్డా కేసే" అని జీపెక్కిండు.

గప్పటి సంది బిడ్డను ఎంటవెట్టుకొని చాచా తిరగని ఆఫీసు లేదు. జగిత్యాలకు బస్సుల పోవుడు, బల్ల మీద కూసునుడు, రేపు రాండ్రి అంటె తిరిగచ్చుడు. "నువ్వు మాట్లాడు బేటీ. నేను తలుపు కాడ నిలవడి ఇంట. నాకు ఇనవడితె సార్లకు ఇనవడ్డట్టే" అనేదట. మా బిడ్డ ఆ హారన్ బొమ్మ సాఫుగ గీస్తనంటె ఒప్పుకోలె. "గరాటైతె గరాటే, ఉండనీ."

మొన్న చాచాను మోసుకుంట జనాజా బజార్లకెల్లే పోయింది. ఆయన కోసం అందరం షట్టర్లు దించినం. బందు లేని నాడు పట్టపగలు బొమ్మలన్ని ఒక్కపారి కనవడుడు గదే మొదలు. అన్నిటికాడ ఆగుకుంట ఆగుకుంట పోయి, చివరికి ఆ గరాటా ముంగట మోసేటోళ్లు భుజాలు మారిండ్రు.

ఆట ఆపుదమా అనడిగితె చాచీ కండ్లు తుడుసుకుంట అన్నది: "ఆపుతరా? హారన్లు ఆయనయే కట్టుండ్రి."

ఇగ అందరికి చెప్పాలె. రుద్రంగిల మా అక్కకు, జగిత్యాలల బావమరిదికి, సిరిసిల్లల మా చిన్నాయన కొడుక్కు, దుబాయిల మా అల్లునికి, రాలేక ఫోన్లనే ఏడ్సిన చాచా కొడుక్కు. ఆదివారం పొద్దూకంగ అందరు రాండ్రి. రాంగనే ముంగట కూసుంటమంటె కూసోండ్రి. ఆఖరు వరుస ఎనుక మాత్రం ఒక్క మనిషి నిలవడేటంత జాగ ఇడిసిపెట్టుండ్రి.