డిస్క్ ఆగిన చోట

చేవెళ్ల బస్టాండు ఎదురుగా నా మందుల షాపు. పక్కనే రాఘవేందర్ వాళ్ల కిరాణా కొట్టు. మా రెంటికీ మధ్య ఒకటే గోడ, అదీ ఒంటి ఇటుక గోడ. ఆ కొట్టులో నా గోడకు ఆనుకున్న సగాన్ని విడదీసుకుని అతను కంప్యూటర్ షాపు పెట్టాడు. అప్పటి నుంచి అక్కడ ప్రింటర్ దగ్గినా నాకు వినబడేది.

ఐటీ ఐటీ అని జనం ఊగిపోతున్న రోజులవి. పొద్దున గచ్చిబౌలి వైపు పోయే బస్సుల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మొయినాబాద్ రోడ్డు పొడుగునా ప్లాట్ల కోసం పాతిన రాళ్లే కనిపించేవి. ఊరు ఊరంతా ఎటో ఉరుకుతుంటే రాఘవేందర్ మాత్రం షాపులో కూర్చుని, ఎవరిదో పాత రేడియో విప్పుకుని, అది ఎందుకు మూగబోయిందో చూస్తుండేవాడు. బాగు చేయడం మీద అతనికంత ధ్యాస లేదు. ఎందుకు పాడైందో తెలియాలి, అంతే. తెలిసిపోయాక సగం పనిలో వదిలేసిన రోజులు కూడా ఉన్నాయి. నా గోడ గడియారం అట్లాగే ముళ్లు లేకుండా ఎన్నాళ్లో వేలాడింది. అడిగితే, "దాని తప్పు దొరికిందన్నా" అనేవాడు సంతోషంగా. నాకు ఒళ్లు మండేది.

తరతరాలుగా వ్యాపారం చేసిన ఇంట్లో ఇతనెట్లా పుట్టాడో మరి. గిరాకీ వచ్చి నిలబడి ఉంటే, ప్రింటర్ ఒక కాగితం బదులు రెండు కాగితాలు ఎందుకు లాగుతున్నదా అని దాని కడుపులోకి తొంగి చూస్తుండేవాడు. గిరాకీ చూసి చూసి వెళ్లిపోయేది.

అతని కంప్యూటర్‌లో అందరికీ ఉండే విండోస్ ఉండేది కాదు. ఊళ్లో ప్రతివాడూ పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టి, దాంతోపాటు వైరస్‌లు కూడా అంటించి పోయేవాడు. విసిగిపోయి, ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన లినక్స్ ఎక్కించుకున్నాడు. వైరస్‌ల పీడ విరగడైంది. బదులుగా ప్రతి చిన్న పనికీ ఒక పరిశోధన మొదలైంది. పాట వినాలంటే పరిశోధన, ఫొటో ప్రింట్ తీయాలంటే పరిశోధన. అతనికి కావలసింది కూడా అదే.

దీపావళి వెళ్లిన కొద్ది రోజులకు మమత అతని షాపు మెట్లెక్కింది.

మమతది చిల్కూరు. వాళ్ల నాయనమ్మ రాములమ్మకు పక్షవాతం వచ్చింది. చేవెళ్ల దవాఖానలో తెలిసిన నర్సు ఉండటంతో, చేతికీ కాలికీ కసరత్తు చేయించడానికి ఆమెను ఆటోలో ఇక్కడికి తీసుకొచ్చేది. తిరిగి పోయేటప్పుడు నా దగ్గర మందులు తీసుకునేది. రాములమ్మకు నడక కొద్దికొద్దిగా వస్తున్నది. మాట మాత్రం పూర్తిగా పోయింది. మంచినీళ్లు కావాలన్నా చెయ్యి చూపడమే.

ఆమె గొంతు పోవడమంటే చుట్టుపక్కల ఊళ్లకు చిన్న సంగతి కాదు. ఎవరింట్లో లగ్గమైనా అప్పగింతల వేళకు రాములమ్మ రావలసిందే. పిల్ల పేరు పెట్టి, ఆ ఇంటి పాదులూ దూడలూ గుర్తుచేస్తూ, అప్పటికప్పుడు పాట కట్టి పాడేది. ఆ పాట అయ్యాకనే పిల్ల గడప దాటేది. ఇప్పుడు సొంత మనవరాలి లగ్గం దగ్గరికొచ్చింది. పాడవలసిన మనిషేమో మూగగా కూర్చుంది.

"అన్నా, గిండ్ల మా అవ్వ పాట ఉన్నది" అంటూ మమత ఒక డీవీడీ తీసింది. "మా సుగుణ మేనత్త లగ్గంల పాడింది. గిదొక్కటే మిగిలింది. మొయినాబాద్‌ల నెట్ సెంటరాయన పెట్టి సూసి, ఖరాబైంది పారెయ్యమన్నడు. ఇంట్ల టీవీ కింద పెట్టె ప్లేయర్ల ఏస్తే అసలు డిస్కే లేదంటది."

"వీడియో తీసినాయన తాన ఇంకోటి ఉండదా?"

"ఆయన స్టూడియో మూసి భూముల దందల వడ్డడు. పాతయన్ని పోయినయ్ అంటడు." కొంచెం ఆగి, "అవ్వ ఎట్లాగూ పాడదు. గీ పాటన్న వినవడితే నన్ను అవ్వనే సాగనంపినట్టుంటది" అంది.

రాఘవేందర్ కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు బాగా తెలుసు. నేను అతని షాపు మెట్ల మీది నుంచే హెచ్చరించాను.

"రాఘవేందర్, నా గడియారం లెక్క సగంల ఇడిసిపెట్టకు. గది ఆ పిల్లకు అవ్వ గొంతు."

అతను వినలేదు. డిస్క్ పెట్టాడు. డ్రైవ్ గిరగిరా తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు.

"ముగ్గురి మీద అనుమానం ఉన్నదన్నా" అన్నాడు నాతో. "డిస్కన్న అయి ఉండాలె, డ్రైవన్న అయి ఉండాలె, లేకుంటే సాఫ్ట్‌వేరన్న అయి ఉండాలె. ఎవరో తేలాలె."

ముందు సాఫ్ట్‌వేర్‌ను పట్టుకున్నాడు. లినక్స్‌లో చాలా రకాల వీడియోలు వాటంతట అవి ఆడవు, కోడెక్‌లని వేరే ఫైళ్లు దింపుకోవాలి. దింపాడు. ఆ ఇంటర్నెట్ నత్తనడకన దించేలోగా నేను భోంచేసి వచ్చాను. ఆడలేదు. సినిమా డిస్కులకు తాళం ఉంటుందట, ఆ తాళం తీసే ఇంకో ఫైలు వెతికాడు. అదీ ఎక్కించాక నుదురు కొట్టుకున్నాడు.

"లగ్గం వీడియోకు తాళం ఎవరేస్తరన్నా? నా మతి పాడుగాను."

తర్వాత తెర మీద నల్లటి కిటికీ లాంటిదొకటి తెరిచి ఏదో టైపు చేశాడు. తెర నిండా వరస వరసన ఒకే ఫిర్యాదు, చదవలేకపోతున్నానని. అది చూడగానే అతని ముఖం మారిపోయింది.

"సమజ్ కాకపోవుడు వేరు, కానరాకపోవుడు వేరు. సమజ్ కాకుంటే సాఫ్ట్‌వేర్ తప్పు. గిదేమో నాకు కానొస్తనే లేదంటున్నది. అంటే డిస్కన్న పోయింది, డ్రైవన్న పోయింది."

డిస్క్ తీసి వెలుతురుకు పెట్టాడు. మెరిసే వైపు ఒక గీత స్పష్టంగా కనబడింది. మమత కూడా చూసింది. డిస్కును కవర్లో పెట్టుకుని, కవరును చీర మడతలో పెట్టుకుని, నా షాపులో కూర్చున్న నాయనమ్మను లేపుకుని వెళ్లిపోయింది. ఉంచి పొమ్మని అతను అడిగాడు కానీ ఆ పిల్లకు చేతులు రాలేదు.

డిస్క్ వెళ్లిపోయినా అనుమానం మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే మొయినాబాద్ నెట్ సెంటర్‌కు ఫోన్ చేశాడు. పెట్టేసి పకపకా నవ్వాడు.

"ఆయన తాన ఉన్నది సీడీ డ్రైవన్నా. సీడీ డ్రైవ్‌ల డీవీడీ ఏసి ఖరాబైందన్నడు. మమతోళ్లింట్ల పెట్టె కూడ సీడీలదే అయి ఉంటది. అంటే డిస్క్ తప్పు ఇంకా రుజువు కాలేదు."

వెంటనే తన అరలోంచి ఒక డీవీడీ తీశాడు. పండగకు ముందు నేను కూడా చూసిందే, చుక్కల గురించీ గ్రహాల గురించీ ఏదో. అప్పుడు బ్రహ్మాండంగా ఆడింది. ఇప్పుడు పెడితే అదే గిరగిర, అదే ఫిర్యాదు.

"పండుగకు ముందల కానొచ్చింది. పండుగ అయినంక కానొస్తలేదు. నడుమ ఏమైంది?"

"నడుమ దీపావళి అయింది" అన్నాను వెటకారంగా.

అతని భార్య భాగీరథి అప్పుడే చాయ్ తెచ్చింది. రాఘవేందర్ ఆమె ముఖం చూశాడు. ఆమె అతని ముఖం చూసింది.

"నా దిక్కేం జూస్తరు? మీరే గదా పెట్టమన్నరు" అంది.

దీపావళి సాయంత్రం వాళ్లు కొట్టులో లక్ష్మీపూజ చేస్తారు. ఇంటికి అన్నం పెట్టే ప్రతి వస్తువుకూ పసుపు, కుంకుమ పెట్టాలి. తక్కెడకు, గల్లాపెట్టెకు, ఫోనుకు అన్నింటికీ పెట్టి, భాగీరథి కంప్యూటర్ దగ్గర ఆగిపోయిందట. దీని ముఖమేది అని అడిగింది. తెర మీద వద్దు, మరక పడుతుంది. కీబోర్డు మీద వద్దు, సందుల్లోకి పోతుంది. రాఘవేందర్ తెలివిగా డ్రైవ్ మీట నొక్కాడు. ట్రే బయటికొచ్చింది. "ఇగో, చెయ్యి సాపింది, పెట్టు" అన్నాడు. ఆమె నిండుగా పెట్టింది. ఆయనగారు భక్తిగా లోపలికి తోశాడు.

"తర్వాత డిస్క్ ఏసిన" అన్నాడు నెమ్మదిగా. "అది జోరుగ తిరుగుతది. మరి కుంకుమ యాడికి పోతది?"

అడుగుతూనే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. డ్రైవ్ మూత తీస్తే లోపలంతా ఎర్రగా ఉంది. నడిమిలో పెసరగింజంత గాజు. డిస్కును చదివే కన్ను అదేనట. దాని మీద కూడా సన్నగా ఎర్రటి పొర. నేను నా షాపులోంచి స్పిరిటు, చెవి పుల్లలు తెచ్చాను. పుల్ల ముంచబోతుంటే భాగీరథి చెయ్యి అడ్డం పెట్టింది.

"పూజ బొట్టు తుడుస్తరా? మంచిగుంటదా?"

"తుడువకుంటే కానరాదు గదా."

"అయితే జర ఆగుండ్రి."

లోపలికి పోయి భరిణ తెచ్చింది. కంప్యూటర్ పెట్టె పైన, ఏ సందూ లేని చోట చూసి కొత్త బొట్టు పెట్టింది. దండం పెట్టుకుని, "ఇగ తీయుండ్రి" అంది. నిజం చెప్పొద్దూ, అన్ని పరిశోధనల్లో నాకు నచ్చిన పని అదొక్కటే.

తుడిచి, బిగించి, తన డిస్క్ పెట్టాడు. చుక్కలు కనబడ్డాయి. రాఘవేందర్ మురిసిపోయాడు. కానీ మమత డిస్క్ మీది గీత మాట ఇద్దరమూ ఎత్తలేదు.

దవాఖాన రోజున మమత మళ్లీ వచ్చింది. రాములమ్మను నా షాపులో కుర్చీ మీద కూర్చోబెట్టి, డిస్క్ తీసుకుని పక్కకు పోయింది. నేను మందుల డబ్బా వెతుకుతున్నట్టు నటిస్తూ చెవులు గోడకు అప్పగించాను. డ్రైవ్ తిరిగింది. ఆగింది. తిరిగింది. ఉన్నట్టుండి బ్యాండు మేళం మోగింది. జనం గోల, ఎవరో పిల్లవాడి ఏడుపు, ఆ వెనక ఒక గొంతు.

*దోసపాదు పూసింది దొడ్డి ఎనుక సుగుణమ్మ...*

రాములమ్మ తల ఎత్తింది. గోడ వైపు చూసింది. తన గొంతును తను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియలేదు.

*తెంపేటి చేయేది తె...*

అంతే. డ్రైవ్ గీరుకున్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆ గీతే. నా చేతిలో డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

*తెల్లారితే మమతమ్మ...*

మొదట డిస్కే అనుకున్నాను. తర్వాత కుర్చీ వైపు తిరిగాను. రాములమ్మ పెదవులు ఒక పక్కకు లాగుతున్నాయి, మంచి చేయి మోకాలి మీద తాళం వేస్తున్నది. గొంతు బొంగురుగా ఉంది. మాట మాత్రం ఒక్కటీ తప్పలేదు.

*బర్రెదూడ సూస్తది బాట పొంటి మమతమ్మ, పిలిసేటి గొంతేది పొద్దుగూకితే మమతమ్మ...*

అవతలి నుంచి రాఘవేందర్ వినబడ్డాడు. "గిదేంది, బొమ్మ ఆగింది, పాట నడుస్తున్నది. స్పీకరు వైరు పీకిన. అయినా వస్తున్నది."

మమతకు అతని కంటే ముందే అర్థమైంది. పరుగున వచ్చి నాయనమ్మ కాళ్ల దగ్గర కూలబడింది. రాములమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి పాట చివరి దాకా పాడింది. నేను ఏడ్చాను. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

పాట అయ్యాక ఆమె ఏదో చెప్పబోయింది. మాట రాలేదు. నీళ్ల సీసా వైపు చెయ్యి చూపింది.

రాఘవేందర్ గుమ్మంలో స్పీకరు వైరు పట్టుకుని నిలబడ్డాడు. "మాట రాదు, మరి పాట ఎట్లొచ్చిందన్నా?" అని మెల్లగా నన్నడిగాడు. ఇన్నేళ్లు మందులమ్మిన నాకు తెలియదన్నాను. అతను వైరు చేతికి చుట్టుకుంటూ, "మమతా, గీత దాటిపిచ్చి సూస్త. మిగతా పాట కూడ తీస్త" అన్నాడు.

"వద్దన్నా" అంది మమత, నాయనమ్మ నోటికి నీళ్లు అందిస్తూ. "ఆగినకాడనే ఉండనియ్యి."