పోలయ్యను అడగకూడని మాట

అది 1966. అప్పటికి బోగోలు దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా పదకొండేళ్ళు పూర్తి చేశాను. పొద్దున కసరత్తులు చేయించడం, సాయంత్రం ఆటలాడించడం నా ఉద్యోగం. శనివారాలు చుట్టుపక్కల ఊళ్ళ ఫుట్‌బాల్ పోటీలకు రిఫరీగా వెళ్ళడం ఉద్యోగంలో భాగం కాదు. కానీ వారం మొత్తం చేసిన పని కంటే ఆ ఒక్క సాయంత్రమే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసేది.

మా పోటీలో ఎనిమిది ఊళ్ళ జట్లు ఉండేవి. ఏటా ఒకటే గొడవ. ఎవరి ఊళ్ళో ఆట పెడితే ఆ ఊరి జనం గీత మీదికి వచ్చి నిలబడేవాళ్ళు. ఓడినవాళ్ళు, "మీ ఊరు, మీ నేల, మీ జనం. మాకింక న్యాయం యాడ జరుగుద్ది?" అనేవాళ్ళు. అంతకుముందు ఏడు ఎవరో విసిరిన రాయి మోకాలికి తగిలి పది రోజులు కుంటుతూ నడిచాను. ఇక ఈల ముట్టుకోనని మిషన్ ఆసుపత్రి కాంపౌండరు దేవసహాయం గారితో అన్నాను. ఆయనకు రేడియోలో లండన్ వార్తలు వినే అలవాటు. ఆటల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి.

"మాస్టారూ, యూరప్‌లో క్లబ్బుల కప్పు ఎట్టా ఆడతారో తెలుసునా?" అని అడిగి, మందుల చీటీ వెనక పెన్సిలుతో గీసి చూపించారు.

ఒక్కో దేశంలో ఆ ఏడు ఛాంపియన్ అయిన క్లబ్బు ఆ పోటీకి వస్తుంది. ఎవరు ఎవరితో ఆడాలో చీట్లు తీసి తేలుస్తారు. ప్రతి జంటా రెండు ఆటలు ఆడాలి, ఒకటి మన ఊళ్ళో, ఒకటి వాళ్ళ ఊళ్ళో. ఒక్కో ఆటను 'లెగ్' అంటారు. రెండు లెగ్గుల్లో కొట్టిన గోల్స్ కలిపితే వచ్చే మొత్తం 'అగ్రిగేట్'. అది ఎక్కువ ఉన్నవాళ్ళు పై రౌండుకి వెళతారు, తక్కువైనవాళ్ళు ఇంటికి. సమానమైతే ఇద్దరికీ చెందని మూడోచోట ఇంకో ఆట. అక్కడా, అదనపు సమయం ఇచ్చినా తేలకపోతే నాణెం ఎగరేస్తారు. ఫైనల్ మాత్రం ముందే అనుకున్న చోట ఒక్కటే ఆట.

"అంత పెద్ద పోటీ నాణెం మీద తేల్చడమా?" అన్నాను.

"ఏం జేస్తారు మాస్టారూ? ఎక్కడో ఒకచోట ఆగాల గదా."

నాకు నచ్చింది. ఎనిమిది ఊళ్ళ పెద్దల్ని స్కూలుకు పిలిపించి చెప్పాను, అందరూ వేలిముద్రలో సంతకాలో పెట్టారు. ఆ ఏడు నిజంగానే గొడవలు తగ్గాయి. సెమీఫైనల్ దాకా నా ఒంటి మీద ఒక్క రాయి పడలేదు.

ఆ సెమీఫైనల్లో సముద్రం ఒడ్డు జాలర్ల పాళెం జట్టుకూ, పడమటూరి రైతుల జట్టుకూ పడింది. పాళెం కెప్టెను పోలయ్య. ఇరవయ్యారేళ్ళ మనిషి, గోల్‌కీపరు. వలలు లాగిన చేతులు కావడంతో బంతి ఆ చేతుల్లో పడితే మళ్ళీ జారేది కాదు. ఫైనల్ నెల్లూరులో. మద్రాసులో ఒక మిల్లువాళ్ళు తమ జట్టుకు ఆటగాళ్ళను వెతుక్కోవడానికి ఆ ఫైనల్‌కి వస్తున్నారని, ఎంపికైతే మిల్లులో ఉద్యోగం కూడా ఇస్తారని కబురు వచ్చింది. పోలయ్య నా దగ్గరికి వచ్చి, "మా నాయన్ని సముద్రమే తీసకపోయింది సార్. నేను పడవెక్కిన పొద్దల్లా మా అమ్మ కూడు ముట్టదు. ఇదొక్కటి గెలిస్తే చాలు" అన్నాడు. రిఫరీ వినకూడని మాట అది. విన్నాను.

మొదటి లెగ్ పాళెంలో. ఆ రోజు గాలి తిరగడంతో వాళ్ళ ఆటగాళ్ళు నలుగురు వేటనుంచి సమయానికి ఒడ్డు చేరలేదు. నియమం ప్రకారం ఈల ఊదాను. ఏడుగురే ఆడి, ఒక్క గోలూ కొట్టకుండా, ఒకటి ఇచ్చి ఓడారు. రెండో లెగ్ పడమటూళ్ళో, వరి కోసిన చేలో. మోళ్ళు గుచ్చుకుని పాళెం వాళ్ళ పాదాలు నెత్తురోడాయి. అయినా రెండు కొట్టి, ఒకటి ఇచ్చారు. అగ్రిగేట్ రెండు, రెండు. సమానం.

మూడో ఆట మా స్కూలు మైదానంలో పెట్టాం. ముందురోజు అకాల వర్షం పడి నేలంతా బంకమన్ను. తొంభై నిమిషాలు, పైన అరగంట, ఎవరూ గోల్ కొట్టలేదు. పోలయ్య ఆపిన బంతులు లెక్కపెట్టడం నేను మానేశాను. పొద్దు వాలుతోంది. ఆటగాళ్ళు నిలబడలేక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఉన్నారు. నా పరిస్థితీ అంతే.

కెప్టెన్లిద్దర్నీ నడిమధ్యకు పిలిచాను. పడమటూరి కెప్టెను శంకరరెడ్డి, నెమ్మదైనవాడు. పోలయ్య బొమ్మ కోరాడు. అర్ధరూపాయి ఎగరేశాను. అది బంకమట్టిలో పశువు గిట్ట దిగిన గుంటలో పడి, కూరుకుపోయి, ఏటవాలుగా నిలిచింది. బొమ్మ పైకి చూస్తోంది గానీ నాణెం పడుకోలేదు.

పాళెం జనం కేకలు పెడుతూ లోపలికి వచ్చేశారు. "బొమ్మే! బొమ్మే!" శంకరరెడ్డి నా మొహం చూశాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో దేవసహాయం గారి చీటీలో లేదు. అది చెల్లదని నాకు తెలుసు. చెల్లుతుందని అనాలనీ ఉంది. చివరికి తల తిప్పి, "పోలయ్యా, నువ్వేమంటావు?" అన్నాను.

అతను నాణెం మీదికి వంగి చూశాడు.

"పడుకోలా సార్. నిలబడుండాది. మళ్ళా ఎయ్యండి."

గట్టినేల చూసి మళ్ళీ వేశాను. బొరుసు పడింది.

పోలయ్య శంకరరెడ్డి చెయ్యి పట్టుకుని ఊపి, తన జట్టు వైపు నడిచాడు. వాళ్ళెవరూ అతనికి దారివ్వలేదు. "గెలిచిందాన్ని చేతులారా పారేసినావు గదరా!" అని ఒక పెద్దామె మన్ను తీసి అతని మీద పోసింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏడు చివరిదాకా నా మీద రాయి పడలేదు.

నెల్లూరు ఫైనల్లో పడమటూరు జట్టు ఓడింది. అయినా మిల్లువాళ్ళు పడమటూరి గోల్‌కీపరును తీసుకెళ్ళారు.

రెండేళ్ళ తరవాత దేవసహాయం గారు ఒక కబురు చెప్పారు. యూరప్ కప్పులో కొత్త నియమం వచ్చిందట. అగ్రిగేట్ సమానమైతే, ఎదుటివాళ్ళ ఊళ్ళో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళదే గెలుపు. లెక్క వేసుకున్నాను. పడమటూళ్ళో పాళెం కొట్టినవి రెండు, పాళెంలో పడమటూరు కొట్టింది ఒకటి. ఆ నియమమే ఉంటే మూడో ఆటే ఉండేది కాదు.

మర్నాడు సైకిలు మీద పాళెం వెళ్ళాను. పోలయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. ఆట మానేశాడని దారిలోనే తెలిసింది. కొత్త నియమం చెప్పాను. తల ఊపి విన్నాడు.

"అది పొయ్యేది పోయింది సార్. నాణెం మీద నాకు కోపం ల్యా. మీ మీద ఒకటుండాది, చెప్పమంటే చెప్తా."

"చెప్పు."

"ఆ పొద్దు మీరే 'చెల్లదు' అని ఉంటే మా వోళ్ళు మిమ్మల్ని నాలుగు తిట్టి ఇంటికి పొయ్యేవోళ్ళు. మీరు నన్నడిగినారు. అడిగినాక నేనింకేం జెప్పేది? అబద్ధం జెప్పలేను. నిజం జెప్పి ఊళ్ళో తలెత్తుకోలేను. మా యమ్మ గూడా ఏడాది మాట్లాడలా నాతో."

క్షమించమన్నాను. "కూర్చోండి సార్, ఎండన పడొచ్చినారు" అని వల పక్కకు జరిపాడు.

ఆ తరవాత ఇంకా పద్దెనిమిదేళ్ళు ఈల ఊదాను. అనుమానం వచ్చిన ప్రతిసారీ తప్పో ఒప్పో నేనే చెప్పాను, రాళ్ళూ తిన్నాను. నిజాయితీ గల మనిషి ఎదురుగా ఉన్నాడు కదా అని మన బరువు అతని నెత్తిన పెట్టకూడదు. అతను కాదనలేడు.