సంఘపెద్ద చేయించిన ప్రార్థన

ఉదయగిరిలో సుజన, ఆమె తల్లి రెబెకమ్మ ఇద్దరే ఉంటారు. పెద్దకూతురు జెస్సికా రొమ్ము క్యాన్సర్‌తో పోయాక ఆ ఇంట్లో మిగిలింది వాళ్లే. సుజన రోజూ బస్సెక్కి ఆత్మకూరులోని ఒక పాల కంపెనీ ఆఫీసుకు పోయి లెక్కలు చూస్తుంది.

ఇప్పుడు ఆమెకూ గడ్డ తేలింది. సాయంత్రమైతే ఆమె ఫోను రెబెకమ్మ చేతిలోనే ఉంటుంది, యేసు పాటలు వినడానికి. అందుకని ఆస్పత్రి వాళ్లను రిపోర్టు ఆఫీసు మెయిలుకు పంపమంది. పిచ్చిపిల్ల, అదొక్కటే తన సొంతం అనుకుంది.

ఆ మెయిళ్లన్నీ మేనేజరు సురేంద్రబాబు తెరిచి చూస్తాడు. కంపెనీ గుట్టు బయటికి పోకుండా కాపలా అట! చూస్తామని చేరిననాడే అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారు. సరే, చూడనీ. ఆస్పత్రి రిపోర్టులో ఏ పాల గుట్టుందని చివరిదాకా చదివాడు?

ఆదివారం అన్నాలయ్యాక తల్లి పక్కన కూర్చుని మెల్లగా చెబుదామనుకుంది సుజన. ఇంకొకరి నోట వింటే ఆమె తట్టుకోలేదు.

సురేంద్రబాబుదీ ఉదయగిరే, చర్చిలో సంఘపెద్ద. ఆ పొద్దున ఆరాధనలో లేచి నిలబడ్డాడు. "మన సుజనమ్మకు వాళ్లక్కకు వచ్చిన జబ్బే వచ్చిందండీ. అందరూ భారంతో ప్రార్థన చేయండి," అన్నాడు. పాపం, మనసులో కల్మషం లేదు. అదే కదా ఖర్మ!

ఆ చర్చిలో ఎవరి కష్టం వాళ్లే పెద్దలకు చెప్పుకుని ప్రార్థన చేయించుకుంటారు. కూతురూ అట్లాగే చెప్పుకుందని రెబెకమ్మ అనుకుంది. ఇంటికొచ్చి కూలబడింది.

"ఆయనకు చెప్పినావు. నాకు చెప్పలేకపోయినావా?"

"నేను చెప్పలేదమ్మా. ఆఫీసులో నా మెయిలు చదివినాడు."

"చాల్లే! అంత పెద్దమనిషి ఒకరి ఉత్తరాలు దొంగతనంగా చదువుతాడా? మీ అక్కకు చివరిదాకా చేసింది నేను గదే. నన్నే పరాయిదాన్ని చేసినావు."

సోమవారం సుజన మేనేజరు ముందు నిలబడింది. "సార్, మా ఇంటికొచ్చి, మెయిల్లో చూసినానని అమ్మతో ఒక్క మాట చెప్పండి సార్."

సురేంద్రబాబు ఇబ్బందిగా కదిలాడు. "మెయిళ్లు చూస్తామని బయట చెప్పకూడదమ్మా. అది కంపెనీ రహస్యం. నీ కోసం ప్రార్థన చేస్తానే ఉండానులే."

నెల్లూరులో ఆపరేషన్‌కు రెబెకమ్మ రాకుండా ఉంటుందా, వచ్చింది. తల దువ్వింది, గౌను తొడిగింది. మొహంలోకి మాత్రం చూడలేదు. లోపలికి తీసుకుపోతుంటే సుజన ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆయనకు నేను చెప్పలేదమ్మా."

"సరేలే, మాట్లాడబాక," అని రెబెకమ్మ చెయ్యి విడిపించుకుంది.