లంకలో వేయని టముకు

పోయిన సోమవారం మధ్యాహ్నం అమలాపురంలో మా రెవెన్యూ కార్యాలయం వెనక వరండాలో ఎవరో మైదాపిండి లై ఉడికించారు. నోటీసులు గోడకు అంటించే జిగురు అది. అడుగంటబోయే ముందు దానినుంచి ఒక రకమైన కమరు వాసన వస్తుంది. ఆ వాసన కిటికీలోంచి నా బల్ల దాకా వచ్చేసరికి సంతకం పెట్టబోతున్న చెయ్యి ఆగిపోయింది. నా ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి, రాష్ట్ర ప్రభుత్వ గెజిట్‌లో ఆ ఉదయమే వెలువడిన నోటిఫికేషన్. రెండోది, దాన్ని అది వర్తించే గ్రామంలోని అన్ని ఆవాసాల ప్రజలకూ తెలియజేశామని నేను ఇవ్వవలసిన ధ్రువీకరణ. మా సీనియర్ అసిస్టెంట్ మూర్తి గారు రేపటి తేదీ కూడా వేసి సిద్ధంగా ఉంచారు. ఎంతైనా పని మీద శ్రద్ధ ఉన్న మనిషి.

"రేపు ఏటి అవతల లంకలో కూడా చెప్పగలరా అండి?" అని అడిగాను.

"గోదారి బాగా మీదుంది కదండి మేడం, పడవలు ఆపేసేరు. వెబ్‌సైట్లో పెట్టేసేం. వాళ్ళ వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేసేం. అందరూ చూసేసే ఉంటారండి" అన్నారాయన.

ఆయన మాటలో దురుద్దేశం లేదు. ఇరవై ఏళ్ళ కిందట నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. ఇలాంటి కాగితం మీదే, ఈ లంక గురించే, నా చేత్తో ఒక అబద్ధం రాశాను. అది కార్యాలయం గడప దాటకుండా ఆపిన మనిషి వీరాస్వామి గారు. ఆయన్ని మీరెవరూ ఎరుగరు. ఆయన పేరు ఏ గెజిట్‌లోనూ అచ్చు కాలేదు. కానీ గెజిట్‌లో అచ్చయిన మాటలు మా మండలంలో మనుషుల చెవిన పడ్డాయంటే అది ఆయన గొంతు వల్లే.

రాజోలు వైపు ఒక మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్ళు. గెజిట్లు వస్తే రిజిస్టరులో ఎక్కించి బీరువాలో పెట్టడం నాకు అప్పగించిన పనుల్లో ఒకటి. ప్రభుత్వం చట్టం చేసినా, నిబంధన మార్చినా, ఎవరి భూమైనా తీసుకోదలచినా ముందు గెజిట్‌లో వేయాలి. అచ్చయిందంటే ప్రజలందరూ చదివినట్టే లెక్క. నాకు తెలియదండి అంటే చెల్లదు. తమాషా ఏమిటంటే, ఆ కట్టలు విప్పి చదివేవాళ్ళు మా కార్యాలయంలోనే ఎవరూ లేరు. చీమతలకాయంత అక్షరాలు, పేజీకి సగం అంకెలు. నేనూ నంబరు వేసి బీరువాలో పడేసేదాన్ని. వాటికి ఉన్న ఒకే ఒక్క పాఠకుడు చదువు రాని వీరాస్వామి గారు.

ఆయన గ్రామ సేవకుడు. పాత మాటలో తలారి. ఊళ్ళో అందరికీ టముకు వీరాస్వామి. అప్పటికే యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్న ఖాకీ చొక్కాతో మంగళవారం మంగళవారం కార్యాలయానికి వచ్చేవారు. నా బల్ల పక్కన నిలబడి, "ఈ వారం సర్కారు వారు ఏం సెలవిచ్చేరండి?" అని అడిగేవారు. మొదట్లో నాకు విసుగు. మా ఊరికి సంబంధించింది ఏమీ లేదని చెబితే, "అయినా చదవండమ్మా, వింటానికి ఏం పోద్దండి" అనేవారు. ఒకసారి చదివితే కళ్ళు మూసుకుని వినేవారు. రెండోసారి చదివితే పెదవులు కదిపేవారు. మూడోసారి ఆయనే చెప్పేవారు, మన ఇళ్ళల్లో మాట్లాడుకునే మాటల్లో. ఎక్కడైనా అంకె తప్పుతుందేమోనని నేను కాగితం మీద వేలు పెట్టి చూసేదాన్ని. ఎన్నడూ తప్పలేదు.

"మాట మనదైనా పరవాలేదండి. అంకె, తారీకు మాత్రం సర్కారు వారియ్యి. వాటిని ముట్టుకోకూడదు" అని చెప్పారు ఒకరోజు. శిక్షణలో నాకు ఆర్నెల్లు నేర్పినదాని కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ అక్కరకొచ్చింది.

నా మొదటి ఘనకార్యం కూడా చెప్పాలి. ఓటర్ల జాబితా సవరణ నోటీసు పంచాయతీ గోడకు నేనే స్వయంగా అంటించి, గొప్పగా వెనక్కి వచ్చాను. గంట తర్వాత వీరాస్వామి గారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నోటీసు అంటించేరా అండి?"

"ఆ, నాలుగు మూలలా లై రాసి మరీ అంటించాను."

"ఆయ్. లైలో మైలుతుత్తం వెయ్యలేదాండి?"

వేయాలని నాకు తెలియదు. ఆ నీలం పొడి కలపకపోతే పిండి వాసనకి మేకలొస్తాయని అప్పుడే తెలిసింది. "కరణం గారి మేకలు మొత్తం తినేసినయ్యండి. వాటికైతే విషయం తెలిసిపోయింది. మనుషులకే ఇంకా తెలవాలి" అన్నారు, ముఖంలో నవ్వు కనిపించకుండా. కార్యాలయమంతా నవ్వింది. నేను మాత్రం ఏడుపు మొహం పెట్టాను. ఆయన బయటికెళ్ళి చిటికెడు మైలుతుత్తం కాగితంలో పొట్లం కట్టి తెచ్చి, మళ్ళీ లై కాచి చూపించారు.

టముకు వేయడం కూడా ఆయన వెంట తిరిగి చూశాను. టముకంటే మెడకు తగిలించుకుని రెండు సన్న కర్రలతో వాయించే చిన్న తోలు వాయిద్యం. అందరూ ఊరి నడిబొడ్డున మొదలుపెట్టి శివారుకొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. ఆయన శివారులో మొదలుపెట్టేవారు. "రోడ్డు మీద ఉన్నోళ్ళకి ఎలాగూ తెలుస్తాదండి. చివరోళ్ళకి చెప్పేవోళ్ళు ఎవరండి?" అనేవారు. కొబ్బరి దింపులకు మగవాళ్ళు వెళ్ళిన వేళ వేసేవారు కాదు. చావు జరిగిన ఇంటి వీధిలో ఆ పూట వేసేవారు కాదు. చెప్పడం అయ్యాక కర్రలు చంకలో పెట్టుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళలో ఒకరిని చూసి, "నేనేం చెప్పేనో చెప్పండి చూద్దాం" అని అడిగేవారు. వాళ్ళు సరిగ్గా తిరిగి చెప్పేదాకా అక్కడినుంచి కదిలేవారు కాదు. అలా తిరిగి చెప్పించుకున్నాకే ధ్రువీకరణ మీద వేలిముద్ర వేసేవారు. ఈ చాదస్తాన్ని చూసి మా వాళ్ళు నవ్వుకునేవారు. అబద్ధం ఎందుకు, నేనూ నవ్వాను.

ఆ ఏడాది శ్రావణంలో గోదావరి పొంగినప్పుడు వంతెన రోడ్డు కోసం భూసేకరణ నోటిఫికేషన్ వచ్చింది. గెజిట్‌లో వచ్చింది, పత్రికల్లో వచ్చింది. ఇక మిగిలింది ఊళ్ళో చాటింపు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ముప్పై రోజుల్లో చెప్పుకోవాలి. అప్పటి చట్టం ప్రకారం ఈ ప్రకటనలన్నిటిలో ఏది ఆఖరున జరిగితే ఆ రోజు నుంచి ఆ ముప్పై రోజులూ లెక్క. జాబితాలో ఉన్న సర్వే నంబర్లలో కొన్ని ఏటి అవతల లంకలోవి. నలభై గడపల లంక. వరద వల్ల పడవ ఆగిపోయింది. పై నుంచి మాత్రం ధ్రువీకరణ సాయంత్రంలోగా కావాలని ఫోను మీద ఫోను.

"రాసెయ్యమ్మా, ఊళ్ళో వేశాం కదా, లంక కూడా ఊళ్ళోదే" అన్నారు తహసీల్దారు గారు. 'అన్ని ఆవాసాలలోనూ టముకు వేయించడమైనది' అని గుండ్రని అక్షరాలతో రాశాను. నా దస్తూరీ బావుంటుందని అందరూ అనేవారు. సంతకం చేసి, స్టాంపు ప్యాడ్ వీరాస్వామి గారి ముందుకి జరిపాను. ఆయన అలవాటు ప్రకారం చదవమన్నారు. చదివాను. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"లంకలో వెయ్యలేదు కదమ్మా."

"వరద తీశాక వేద్దురు గాని. ఇప్పటికి వేలిముద్ర వేయండి."

"వేలు పెట్టేనంటే లంకోళ్ళు విన్నట్టేనండి. ఆళ్ళు వినలేదు. రేపు నాకు తెలవదండీ అని ఏడిస్తే, వీరాస్వామి చెప్పేడు కదా అంటారు మీరు. ఆళ్ళు నా మొహం చూత్తారండి."

నాకు ఒళ్ళు మండింది. "పెద్దవారు చెప్పింది చేయకపోతే ఉద్యోగం పోతుంది. తెలుసా?" అన్నాను. ఆయన కన్నా ముప్పై ఏళ్ళు చిన్నదాన్ని. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో గుచ్చుకుంటుంది. ఆయన కోపం తెచ్చుకోలేదు. "ఆయ్, పోతే పోద్దండి. వరద తీసిన రోజున నేను వేస్తాను, ఆ రోజున వేలు కూడా పెడతాను" అని, టముకు సర్దుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు ఆయనకు మెమో తయారైంది. విధి నిర్వహణలో ధిక్కారానికి సంజాయిషీ కోరుతూ. అది రాసిందీ నేనే, ఇచ్చిందీ నేనే. తీసుకుని, తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడి, "చదవండమ్మా" అన్నారు. చదివాను. "ఇంకోసారి." చదివాను. ఆ తర్వాత తన మీద వచ్చిన అభియోగాన్ని, నంబరుతో, తేదీతో, ఏడు రోజుల గడువుతో సహా ఒక్క అంకె పొల్లుపోకుండా నాకు అప్పజెప్పారు. "నా మీదొచ్చినా ఆర్డరు ఆర్డరే కదండి" అన్నారు చివర్న.

అప్పుడు నాకు సిగ్గేసింది. సిగ్గంటే అలాంటిలాంటి సిగ్గు కాదు. ఆయన వెళ్ళాక నేను రాసిన ధ్రువీకరణ బల్ల సొరుగులోంచి తీసి నాలుగు ముక్కలుగా చింపాను. తహసీల్దారు గారి గదిలోకి వెళ్ళి, లంకలో చాటింపు జరిగాకే రాస్తానండి అని చెప్పాను. ఆయన ముందున్న ఫైలు మూసేసి, నీ ఖర్మ అన్నారు.

వచ్చిన తొమ్మిదో రోజున వరద తీసింది. నాటు పడవలో వీరాస్వామి గారు ముందు, నేను వెనక కూర్చుని లంకకి వెళ్ళాం. బురదలో మోకాళ్ళ దాకా దిగి, చిట్టచివరి గడప దగ్గర ఆయన టముకు మొదలుపెట్టారు. సర్వే నంబర్లు ఒక్కొక్కటిగా చెప్పారు. తర్వాత, అరటి పిలకలు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకావిడను ఆపి తిరిగి చెప్పమన్నారు. ఆవిడ పేరు సూర్యకాంతం. నంబర్లు చెప్పుకుంటూ వచ్చి నూట నలభై ఏడు బై రెండు దగ్గర ఆగిపోయింది.

"అది మా వరద దిబ్బ కదండి. మొన్న తొమ్మిది రోజులూ పిల్లాజెల్లా, గొడ్డూగోదా అందరం దాని మీదే కదండి ఉన్నాం. అది తవ్వేస్తే మళ్ళీ గోదారొస్తే ఎక్కడికి ఎక్కుతామండి?"

మా కాగితాల్లో అది అర ఎకరం బీడు. లంకకంతటికీ అదొక్కటే మెరక అని మాకెవరికీ తెలియదు. చాటింపు జరిగిందన్న అబద్ధం వెళ్ళిపోయి ఉంటే, వాళ్ళు ఆ దిబ్బ మీద తడుస్తూ కూర్చున్న రోజులన్నీ వాళ్ళ గడువులోంచే తరిగిపోయేవి.

లంకవాళ్ళు సంతకాలు పోగుచేసి, మ్యాపు నకలు సంపాదించి అభ్యంతరం ఇచ్చేసరికి చాటింపు నుంచి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. విచారణకు వచ్చిన అధికారి కాగితాలు తిరగేసి, ఇది గడువు దాటి వచ్చింది కదా అన్నారు. చాటింపు ఏ రోజున జరిగిందో చెప్పమని వీరాస్వామి గారిని పిలిచారు. వరద ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు తీసిందో, ఏ వారం ఏ గడప దగ్గర మొదలుపెట్టారో, సూర్యకాంతం ఏం తిరిగి చెప్పిందో, అంతా చెప్పారాయన. చివర్న, "అంతకు ముందు వెయ్యలేదు కాబట్టి వేలు పెట్టలేదండి. దానికి మెమో కూడా ఇచ్చేరండి" అని మెమో నంబరు, తేదీ చెప్పారు. ఆయన్ని శిక్షించడానికి నేను రాసిన కాగితమే లంకకు సాక్ష్యమైంది. అధికారి ఫైలులో ఆ మెమో వెతికించి తేదీ చూసుకున్నారు. తర్వాత అభ్యంతరం స్వీకరించినట్టు రాశారు. రోడ్డు దిబ్బను తప్పించుకుని కొంచెం వంపు తిరిగి వెళ్ళింది. ఇప్పటికీ ఆ వంపు దగ్గర కారు నెమ్మదించినప్పుడల్లా నాకు ఛాతీ పొంగుతుంది. మెమో ఉపసంహరించారు. ఆ ఉత్తర్వు కూడా వీరాస్వామి గారు రెండుసార్లు చదివించుకున్నారు.

పదవీ విరమణ రోజున ఆయన తన టముకు నా బల్ల మీద పెట్టి, "ఉంచండమ్మా, ఎప్పుడైనా కావాల్సొత్తాది" అన్నారు. ఎన్ని బదిలీలైనా దాన్ని నా బీరువాలోనే పెట్టుకుని తిరిగాను. ఆయన పోయి ఆరేళ్ళయింది.

పోయిన సోమవారం నా బల్ల మీదికొచ్చిన నోటిఫికేషన్ ఆ దిబ్బ గురించే. దాన్ని వరద రక్షణ స్థలంగా ప్రకటిస్తూ, ఇక దేనికీ తీసుకోరాదంటూ ప్రభుత్వం గెజిట్‌లో వేసింది. మూర్తి గారు రాసిన ధ్రువీకరణ మీద తేదీ కొట్టేసి పక్కన పెట్టాను. గోదావరి తీసేదాకా ఆగాను. మొన్న తీసింది.

నిన్న ఉదయం టముకు తీసుకుని లంకకి వెళ్ళాం. అక్కడికెళ్ళాక దాన్ని ఎవరు వేయాలన్నది ప్రశ్న. మూర్తి గారు దిక్కులు చూశారు. మాతో వచ్చిన ఇద్దరు ఉద్యోగులూ ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అది తలారి పని అన్న మాట ఎవరూ పైకి అనలేదు. నేను తాడు మెడలో వేసుకున్నాను. మేడం, మీరెందుకండి అని మూర్తి గారు గాభరాపడ్డారు. ఇది నాకిచ్చారండి అన్నాను. చిట్టచివరి గడప దగ్గర మొదలుపెట్టాను. నా ఉద్యోగ జీవితంలో అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు.

మాట నాదే. అంకె, తేదీ సర్కారు వారివి. చెప్పడం అయ్యాక అరుగు మీద కూర్చున్న ముసలామెను చూసి, నేనేం చెప్పానో చెప్పండి చూద్దాం అన్నాను. సూర్యకాంతం గారు లేచి నిలబడి, నోటిఫికేషన్ నంబరు, తేదీ, నూట నలభై ఏడు బై రెండు, అన్నీ వరసగా చెప్పారు. ఒక్కటీ తప్పలేదు. ఆ తర్వాత దగ్గరికొచ్చి నా చేతిలో కర్రలు సర్దారు.

"ఆయన కాస్త వదులుగా పట్టుకునేవోరండి" అన్నారు.

అలాగే పట్టుకుని రెండో గడపకి నడిచాను.